చూచి గీయడం
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట పెద్ద ఉపన్యాసం వినే ఓపిక యెవరికీ వుండదు. అవతల పచ్చడి కూడా సిద్ధమైనది. పిల్లలచేత బొమ్మలు గీయించడాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేసి తప్పుకొంటాము.

కాకిని వేయమంటే మన పిల్లలు కాగితమంతా నల్లగా నింపేస్తారు. తప్పు వారిది కాదు. మనం కథల్లో చెప్పిన కాకి అదే. మిద్దె పిట్టగోడమీద వాలిన కాకిని చూస్తూ గీయమనండి. కాసేపటికి యెవరో ఒక పిల్ల "దీని మెడ బూడిదరంగుగా వుందేమి?" అని అడిగి తీరుతుంది. మన వూరకాకి మెడ నిజంగా బూడిదరంగే. యీ సంగతి యెందరు పెద్దలకు తెలుసునో చేతులెత్తమని అడగము లెండి.

సౌకార్‌పేటలో చెట్టేది, పిట్టేది అనేవారున్నారు. 1996లో సంత కోయంబేడుకు తరలిపోయేదాకా కొత్వాల్ చావడిలో అరటిగెలలూ, ఆకుకూరల కట్టలూ మన గుమ్మాల ముందే దిగేవి. యిప్పుడు ఆ సందడి లేకపోయినా వంటింట్లోకి కరివేపాకు వస్తూనే వున్నది, చక్కెర డబ్బా చుట్టూ చీమలు తిరుగుతూనే వున్నవి. పిల్లలు చీమకు ఒంటినిండా కాళ్లు తగిలిస్తారు. భూతద్దం చేతికిచ్చి చూడమనండి. ఆరు కాళ్లూ నడిమి భాగంనుంచే బయలుదేరినవని వారే కనిపెడతారు. మనం ముందే చెప్పేస్తే ఆ కనిపెట్టడం వారిది కాకుండా పోతుంది.

పెద్దలు చేసే మహోపకారం మరొకటి వున్నది: బొమ్మ తాము వేసిచూపి, దానినే దించమనడం. అప్పుడు పిల్లవాడు చూచేది మామిడాకును కాదు, నాన్నగారి గీతను.

చిత్రకళ మన పేటకు కొత్త కాదు. 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే వైద్యుడు పొరుగునే బ్రాడ్వేలో చిత్రకళాశాల తెరిచాడు. అయితే అది వృత్తి నేర్పడానికి. మన విషయానికి దగ్గరిది రాజమహేంద్రవరం. అక్కడ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో దామెర్ల రామారావు, అడివి బాపిరాజు కుంచె పట్టారు. 1925లో ఇరవై ఎనిమిదో యేటనే కన్నుమూసిన రామారావు చిత్రాలను ఆ వూరి చిత్రశాలలో నేటికీ చూడవచ్చు. మన పిల్లలందరూ రామారావులు కానక్కరలేదు.

మాకు అంతకంటె పెద్ద దిగులు వేరే వున్నది. బడిలో తమిళం, ఇంగ్లీషు. వీధిలో హిందీ, మార్వాడీ. యింట్లో తెలుగు మాట్లాడే బిడ్డ కూడా ఆకును చూపి "గ్రీన్ లీఫ్" అని వూరుకుంటుంది. గీయడానికి కూర్చుంటే అంతటితో సరిపోదు. "మధ్యనున్న యీ గీతను యేమంటారు?" అని అడుగుతుంది. ఈనె అని అమ్మమ్మ చెప్పాలి. తొడిమ, చిగురు, మొగ్గ, పూత – అడిగినప్పుడు అందిన మాట నిలుస్తుంది. అప్పగించి వల్లెవేయించినది మరునాటికే పోతుంది.

కనుక తల్లులకు మనవి. రేపటినుంచి పూత దులిపేముందు ఒక వేపరెమ్మ పిల్లలకు వదలండి. అంచున రంపపు పళ్లున్నవనీ, ఈనెకు రెండువైపులా ఆకు సమంగా లేదనీ, పూవుకు అయిదు రేకులనీ మీరు చెప్పకండి. గీసిన కాగితంమీద తేదీ వేసి, బిడ్డ అన్నమాటను కిందనే తెలుగులో వ్రాసి దాచండి. వచ్చే ఉగాదికి మళ్లీ వేపరెమ్మ గీయిద్దాము; రెండు కాగితాలూ యిదే హాలులో పక్కపక్కన అంటిద్దాము.