బొమ్మ కనిపిస్తే చాలదు, మాట వినిపించాలి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరులో వీడియో సమావేశం ఏర్పాటు చేసుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ఒక తప్పు చేసి, దానివల్ల నేర్చుకున్నవాణ్ణి. ముందు ఆ తప్పు సంగతే మనవి చేస్తాను.

2020 మార్చి నెలాఖరులో విదేశీ విమానాలు ఆగిపోవడం మీ అందరికీ గుర్తే. ఆ రోజుల్లో విజయనగరంలో మా వీధి పెద్దాయన ఒకరు కాలం చేశారు. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, రాలేడు. "నీకు కంప్యూటర్ తెలుసు కదా బాబూ, వాడికి ఒక్కసారి చూపించు" అని ఆ తల్లి కబురు పెట్టింది. మా ఇంటి డెస్క్‌టాప్ మోసుకుపోయి, అక్కడే సాఫ్ట్‌వేరు ఎక్కించాను. బొమ్మ వచ్చింది. కుర్రాడి పెదవులు కదులుతున్నాయి గాని మాట లేదు. మా మాట వాడికీ వినపడలేదు. అరగంట తంటాలు పడ్డాను. ఈలోగా జనాజా లేచే వేళయింది. "వాడు అమ్మీ అన్నాడా? ఏమన్నాడు బాబూ?" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. తరువాత ఫోనులో మాట్లాడుకున్నారు, నిజమే. కాని ఆ ఘడియ తిరిగి రాదు కదా!

ఇంటికొచ్చి చూస్తే యంత్రంలో ఏ లోపమూ లేదు. శబ్దం స్పీకర్లకు కాక, స్పీకర్లే లేని మానిటరుకు పోతోంది. మైకు వాడుకోవడానికి విండోస్‌లో అనుమతి ఇవ్వలేదు. రెండే రెండు గుర్తులు! ముందురోజు ఎవరితోనైనా రెండు నిమిషాలు మాట్లాడి చూసి ఉంటే అంతా బయటపడేది.

"చేతిలో ఫోనుండగా ఈ డెస్క్‌టాప్ ఎందుకండీ?" అని మీరు అడగవచ్చు. ఫోను ముందు ఒకరో ఇద్దరో కూర్చోగలరు. ఇంటిల్లిపాదీ చూడాలన్నా, పిల్లలు ఉద్యోగపు ఇంటర్వ్యూకి కుదురుగా కూర్చోవాలన్నా పెద్ద తెర ఉండాలి. అయితే ల్యాప్‌టాప్‌లో మాదిరిగా డెస్క్‌టాప్‌లో కెమెరా, మైకు సాధారణంగా ఉండవు. యు.ఎస్.బి. వెబ్‌క్యామ్ ఒకటి కొనాలి. చాలా వెబ్‌క్యామ్‌లలో మైకు కూడా ఉంటుంది. మనం హెడ్‌ఫోన్ పెట్టుకుంటే అవతలివారి మాట వారికే తిరిగి వినిపించే ప్రతిధ్వని బాధ తప్పుతుంది. కిటికీ వెనక్కు ఉంటే ముఖం నల్లగా కనిపిస్తుంది. కిటికీ ఎదురుగా ఉండేటట్టు కూర్చోవాలి.

ఇక సాఫ్ట్‌వేరు. గల్ఫ్‌లోని వారితో మాట్లాడడానికి ఒకప్పుడు ఎందరో వాడిన స్కైప్ 2025 మే 5న మూతపడింది. కాబట్టి ఎవరైనా స్కైప్ ఎక్కిస్తామంటే నమ్మకండి. గూగుల్ మీట్ క్రోమ్ బ్రౌజరులోనే నడుస్తుంది, విడిగా ఎక్కించనక్కరలేదు. ముగ్గురూ అంతకు మించీ ఉంటే ఉచిత గడువు 60 నిమిషాలు. జూమ్ కావాలంటే దాని సొంత వెబ్‌సైటు పేరు మీరే టైపు చేసి దింపుకోండి. ఎవరో పంపిన లింకు నొక్కవద్దు. దాని ఉచిత గడువు 40 నిమిషాలు. మన పాత యంత్రాల విషయం మరొకటి ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. వీలైనచోట విండోస్ 11కు మారడం క్షేమం.

ఎక్కించిన తరువాత అసలు పని మొదలవుతుంది. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ భాగం తెరచి, కెమెరాకూ మైకుకూ అనుమతి ఇవ్వాలి. డెస్క్‌టాప్ యాప్‌లకు అక్కడే వేరొక గుర్తు ఉంటుంది, దాన్నీ చూడాలి. పిదప సాఫ్ట్‌వేరులోని ఆడియో భాగంలో ఏ మైకు, ఏ స్పీకరు అన్నది పేరు చదివి ఎంచుకోవాలి. నేను తప్పింది ఇక్కడే! వైఫై కంటె తీగ కనెక్షన్ నిలకడగా ఉంటుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాను ఎలా చీకటి చేసిందో మరచిపోలేం. అందుచేత ఒక యు.పి.ఎస్. కూడా అవసరం. వేళ కుదుర్చుకునేటప్పుడు కువైట్, సౌదీ మనకంటె రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనుక ఉంటాయని లెక్క చూసుకోవాలి.

సమావేశానికి పాస్‌వర్డ్ పెట్టండి. వచ్చినవారిని మీరు లోపలికి పిలిచేవరకు బయట ఉంచే వెయిటింగ్ రూమ్ తెరచి ఉంచండి. మన వీధి తలుపుకు గొళ్లెం పెట్టమా?

అంతకంటె పెద్ద ప్రమాదం మరొకటి. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్‌లో కనిపించి, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, డబ్బు పంపండి" అని బెదిరించే దొంగలు బయలుదేరారు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి కూడా రేడియో ప్రసంగంలో దీనిని గురించి హెచ్చరించారు. మన చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదు. భయపడక కాల్ కట్టేసి, వెంటనే 1930కి ఫోను చేయండి. బాగుచేస్తామని మీ కంప్యూటరును దూరం నుంచి నడిపించే సాఫ్ట్‌వేరు ఎక్కించమనే అపరిచితుణ్ణీ, ఓ.టి.పి. అడిగేవాణ్ణీ దగ్గరకు రానివ్వకండి.

చివరగా సంఘానికి ఒక విజ్ఞప్తి. మన కార్యాలయం గదిలో ఒక కంప్యూటరు ఇలా సిద్ధం చేసి ఉంచుదాం. ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరు ఆడపిల్లలు ఈ పని నేర్చుకోవాలి. నాలాంటి ఒక్కడి మీద వదిలిపెట్టవద్దు. ప్రతి ఆదివారం ఒకసారి అవతలి మనిషితో మాట్లాడి పరీక్షించాలి. ఈసారి ఏ తల్లి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నా, కొడుకు ఏమన్నాడని ఇంకొకరిని అడగవలసిన గతి పట్టకూడదు.