గ్రూపులో వందమంది – స్టేషన్‌లో ఒక్కడే

(హజీరాలో జరిగిన వార్షిక సమావేశంలో ఒక రిటైర్డ్ సుబేదార్ చేసిన ప్రసంగ పాఠం)



కమిటీవారు నాకిచ్చిన విషయం "సెల్‌ఫోన్ గ్రూపుల్లో రాజకీయ మాటలు – చట్టం". నేను లాయరును కాను. ఇంటర్మీడియట్ చదివి రంగరూటుగా చేరి సుబేదారుగా బయటికి వచ్చినవాణ్ని. యూనిట్‌లో కుర్రాళ్లకు ఆర్మీ యాక్ట్ సెక్షన్లు చదివి, తెలుగులో విడమరచి చెప్పిన అలవాటు ఒకటుంది. ఆ అలవాటుతోనే నాలుగు మాటలు చెప్తాను.

మనం ఉన్న చోటు చూడండి. తాపీ నది సముద్రంలో కలిసే ఈ హజీరాలో స్టీలు, గ్యాసు, ఎరువులు, ఓడరేవు, మన సైన్యానికి కె-9 వజ్ర గన్నులు తయారుచేసే ఫ్యాక్టరీ అన్నీ పక్కపక్కనే ఉన్నాయి. గేట్ల దగ్గర, కంట్రోల్ రూముల్లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. అటు సూరత్ ఊళ్లో తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని మీద వచ్చి స్థిరపడిన పద్మశాలీ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. సొంత ఊరు వెయ్యి కిలోమీటర్ల పైన ఉంది. ఊరిని కలిపేది ఫోనే. బ్యాచ్ గ్రూపు, ఊరి గ్రూపు, కులం గ్రూపు, పార్టీ గ్రూపు – ఒక్కొక్కరికి పదైనా ఉంటాయి. డ్యూటీ దిగి వచ్చాక వాటిలోనే మన కాలక్షేపం, వాటిలోనే మన కోపం కూడా.

ఆ కోపం ఎక్కడిదాకా పోతుందో చెప్పడానికి మనందరికీ తెలిసిన సంగతే చాలు. 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ ప్రకటించింది. అప్పటికే ఫిజికల్, మెడికల్ పాసై రాత పరీక్ష కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్న తెలుగు పిల్లలు వేలల్లో ఉన్నారు. వాళ్ల బాధ నిజమైనదే. మూడో రోజున, జూన్ 17న, సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రవాడు ఒకడు చనిపోయాడు. స్టేషన్‌కు రావాలన్న పిలుపు వాట్సాప్ గ్రూపుల్లోనే తిరిగిందని పోలీసులు తేల్చారు. పదుల సంఖ్యలో పిల్లలు జైలుకు పోయారు. రైల్వే యాక్ట్ 150వ సెక్షన్ పెట్టారు. అందులో శిక్ష యావజ్జీవం దాకా పోతుంది. రెచ్చగొట్టాడన్న ఆరోపణ మీద, సైన్యంలో చేరేవాళ్లకు కోచింగ్ సెంటర్ నడిపే ఒక మాజీ సైనికుణ్ని కూడా అరెస్టు చేశారు. ఆయన మీద వచ్చింది ఆరోపణ. తీర్పు చెప్పడం కోర్టు పని, నా పని కాదు. నేను చెప్పేది ఇంకొకటి.

జూన్ 19న లెఫ్టినెంట్ జనరల్ అనిల్ పూరీ గారు ప్రెస్ ముందు ఏం చెప్పారో గుర్తుందా? అగ్నివీర్ కాదలచిన ప్రతివాడూ తాను నిరసనల్లో గాని, విధ్వంసంలో గాని లేనని రాసివ్వాలి, పోలీసు వెరిఫికేషన్ ఉంటుంది అన్నారు. అంటే ఏ ఉద్యోగం కోసమైతే ఆ పిల్లలు రోడ్డెక్కారో, ఎఫ్.ఐ.ఆర్.లో పేరుంటే సరిగ్గా ఆ ఉద్యోగమే వాళ్లకు మూసుకుపోయింది. గ్రూపులో "పదండి" అన్నవాళ్లు వందలమంది. స్టేషన్‌లో వేలిముద్ర వేసేటప్పుడు ఎవడికి వాడే.

ఇక మన సూరత్ సంగతి. 2015లో పాటీదార్ రిజర్వేషన్ ఆందోళన రోజులు. ఆగస్టులో గొడవలై మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, సైన్యాన్ని కూడా పిలిచారు. అక్టోబరులో హార్దిక్ పటేల్ సూరత్ వచ్చి, ఆత్మహత్య చేసుకుంటానన్న ఒక కుర్రవాడితో మాట్లాడుతూ, చావడం దేనికి, ధైర్యముంటే పోలీసులనే చంపమన్నట్టు మాట్లాడారని వీడియో తిరిగింది. ఆ మాట మీద సూరత్‌లో రాజద్రోహం కేసు నమోదైంది. గుజరాత్ హైకోర్టు కొన్ని సెక్షన్లు తీసేసింది గాని రాజద్రోహం సెక్షన్‌ను మాత్రం ఉంచింది. ఆయన 2016 జూలైలో ఇక్కడి లాజ్‌పోర్ జైలు నుంచి బయటికి వచ్చారు. ఆ పైన ఆర్నెల్లు రాష్ట్రం బయట ఉండాలని షరతు. తర్వాత 2022లో ఎమ్మెల్యే అయ్యారు. 2025లో ప్రభుత్వం ఆ ఆందోళన కాలపు రాజద్రోహం కేసుల ఉపసంహరణకు పూనుకుంది. ఆయనకు పార్టీ ఉంది, లాయర్లున్నారు, వెనుక సమాజం ఉంది. అదే మాట గేటు దగ్గర డ్యూటీ చేసే మన హవల్దారు అంటే, లేక ఆ వీడియో కింద "అంతే, కొట్టాల్సిందే" అని రాస్తే, ఆయన వెనుక ఎవరుంటారు? మీరే ఆలోచించండి.

ఇప్పుడు చట్టం ఎక్కడ గీత గీసిందో చూద్దాం. ఇది అందరికీ తెలియాలి. ఎందుకంటే కొందరు "ప్రభుత్వాన్ని ఒక్క మాటన్నా జైలే" అని భయపడతారు, కొందరు "ప్రజాస్వామ్యం, ఏమైనా అనొచ్చు" అంటారు. రెండూ తప్పే.

1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ప్రభుత్వాన్ని ఎంత ఘాటుగా విమర్శించినా అది రాజద్రోహం కాదు, హింసకు గాని అల్లర్లకు గాని పురికొల్పితేనే నేరం. ఈనాటికీ అదే మూల సూత్రం. ఐ.టి. చట్టంలో 66ఎ అని ఒక సెక్షన్ ఉండేది. చిరాకు కలిగించే మెసేజికి కూడా మూడేళ్ల జైలు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ బెంచిలో ఒకరు మన కృష్ణా జిల్లా వారైన జస్టిస్ చలమేశ్వర్ గారు. పాత రాజద్రోహం సెక్షన్ 124ఎ మీద పిటిషన్ వేసినవారిలో మన రిటైర్డ్ మేజర్ జనరల్ ఎస్.జి. వొంబట్కెరే గారు ఉన్నారు. 2022 మే 11న ఆ సెక్షన్‌ను పక్కన పెట్టమన్నది, అదే ఉమ్మడి కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ గారి బెంచి. ఇక మన గుజరాత్ కేసే ఇంకొకటి. ఒక కవిత ఉన్న వీడియో పెట్టినందుకు ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద జామ్‌నగర్‌లో పెట్టిన ఎఫ్.ఐ.ఆర్.ను 2025 మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. మాటను గుండె నిబ్బరం గల మనిషి కొలతతో చూడాలి గాని, ప్రతిదానికీ ఉలిక్కిపడేవాడి కొలతతో కాదని చెప్పింది.

కాబట్టి నోరు మూసుకోమని నేను చెప్పడం లేదు. కాని గీతకు అవతలివైపు కూడా చూడాలి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. దాని 152వ సెక్షన్ – వేర్పాటువాదాన్ని, సాయుధ తిరుగుబాటును ఎగదోసే మాట, రాత, ఎలక్ట్రానిక్ మెసేజి – యావజ్జీవం లేదా ఏడేళ్ల దాకా శిక్ష. 196వది – మతం, కులం, భాష, ప్రాంతం పేరుతో ద్వేషం రేపడం – మూడేళ్ల దాకా. 353వది పుకార్లు, రెచ్చగొట్టే మాటల గురించి. ఇందులో మొదటి భాగం మన గురించే. సైనికుణ్ని, నావికుణ్ని, వాయుసైనికుణ్ని తిరగబడేలా గాని, డ్యూటీ మానేలా గాని చేయాలని రాసే మాట అది. "జవాన్లూ, డ్యూటీ చేయకండి" అని ఆవేశంలో రాసే రిటైర్డ్ తమ్ముళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకంటే పెద్దది యు.ఎ.పి.ఎ. నిషేధిత సంస్థను పొగిడి, మద్దతు కూడగడితే ఈ చట్టం తగలవచ్చు. ఇందులో బెయిలు చాలా కష్టం. మన అమలాపురం వైపు వారైన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 2014లో అరెస్టయ్యారు. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు నిర్దోషి అంది. అదే ఏడు అక్టోబరులో చనిపోయారు. ఆయన భావాలతో మనకు పొత్తు ఉండకపోవచ్చు. కాని లెక్క చూడండి, నిర్దోషి అనిపించుకోవడానికి పదేళ్లు. కేసు గెలవడం వేరు, ఆ సంవత్సరాలు తిరిగి రావడం వేరు.

"నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే" అంటారు కొందరు. మద్రాసులో నటుడు, రాజకీయ నాయకుడు ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టు ఒకటి షేర్ చేసి, చదవకుండా పంపానని, తీసేశానని, క్షమాపణ చెప్పానని అన్నారు. ఫార్వర్డ్ చేయడమంటే ఒప్పుకోవడమేనని మద్రాసు హైకోర్టు అంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. గ్రూపు అడ్మిన్ల విషయం కొంత నయం. ముందే అందరూ కలిసి అనుకున్నది కాకపోతే, వేరేవాడి పోస్టుకు అడ్మిన్ బాధ్యుడు కాదని బాంబే హైకోర్టు 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అయినా పోలీసుల ప్రశ్నలు ముందు వచ్చేది అడ్మిన్ దగ్గరికే.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు రెండు మాటలు. మీకు గీత ఇంకా దగ్గరగా ఉంది. రాజ్యాంగం 33వ అధికరణ, ఆర్మీ యాక్ట్ 21వ సెక్షన్, 1954 ఆర్మీ రూల్సులో 20, 21 – రాజకీయ కార్యకలాపాలు వద్దు, అనుమతి లేకుండా పత్రికలకెక్కవద్దు అంటాయి. 2020 జూలైలో సైన్యం ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు ఫోన్లలోంచి తీసేయమంది. ఒక లెఫ్టినెంట్ కల్నల్ గారు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. ఆగస్టులో పిటిషన్ కొట్టేశారు. 2017 జనవరిలో తిండి గురించి వీడియో పెట్టిన బి.ఎస్.ఎఫ్. జవాను సంగతి మీకు తెలుసు. నాలుగు నెలలు తిరక్కుండా ఉద్యోగం పోయింది. కష్టముంటే ఇంటర్వ్యూ అడగండి, దర్బారులో చెప్పండి, రిటన్‌గా స్టాట్యూటరీ కంప్లైంట్ పెట్టండి. ఆ దారి నెమ్మది, నేనూ ఒప్పుకుంటాను. కాని ఆ దారిలో నడిచినవాడి రికార్డు పాడవదు.

రిటైరైనవాళ్లం "ఇప్పుడు మాకేంటి, సివిలియన్లం" అనుకుంటాం. పార్టీలో చేరొచ్చు, ఓటడగొచ్చు, అది మన హక్కే. కాని మన బతుకు నాలుగు కాగితాల మీద నిలబడి ఉంది. ఒకటి పెన్షన్. ఇక ముందు కూడా మంచి నడవడి ఉండాలన్నది పెన్షన్ రెగ్యులేషన్లలో షరతు. పెద్ద నేరంలో శిక్ష పడితే దాన్ని ఆపే అధికారం ప్రభుత్వానికి ఉంది. రెండోది గేట్ పాస్. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం మాజీ సైనికులకు ప్రాధాన్యం ఇచ్చింది, అదే చట్టం నడవడి వెరిఫికేషన్ కూడా అడుగుతుంది. మూడోది గన్ లైసెన్సు. ప్రజాశాంతికి భంగమనిపిస్తే రద్దు చేయవచ్చు. నాలుగోది పాస్‌పోర్టు. కోర్టులో క్రిమినల్ కేసు ఉంటే ఇవ్వకపోవచ్చు. పిల్లల సంగతీ చూడండి. 2025 జూన్‌లో అమెరికా, స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు అందరికీ కనబడేలా ఉంచాలంది. ఇంట్లో పెద్దవాళ్ల ఆవేశం పిల్లల ఖాతాల్లోకి పాకడానికి ఎంతసేపు?

నాకు తెలిసిన ఒక రిటైర్డ్ హవల్దారు ఉన్నాడు. పేరు, ఊరు చెప్పను. ఎన్నికల వేడిలో ఒక వర్గం వాళ్లను తరిమికొట్టాలన్న మెసేజి నాలుగు గ్రూపులకు పంపాడు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఫిర్యాదు చేశారు. నోటీసు వచ్చింది, ఫోను జప్తు అయింది. ఛార్జ్‌షీటు కూడా వేయలేదు. అయినా కంపెనీవాళ్లు విషయం తేలేదాకా డ్యూటీకి రావద్దన్నారు. నాలుగు నెలలు జీతం లేదు. కూతురి కాలేజీ ఫీజు కోసం ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. "అన్నయ్యా, ఆ గ్రూపులో మూడొందల మంది ఉన్నారట గదా, ఒక్కరూ ఫోన్ ఎత్తడం లేదు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మేం నలుగురం తలా ఇంత వేసి ఫీజు కట్టాం.

కనుక నేను పాటించే నాలుగు పద్ధతులు చెప్తాను. ఒకటి – ఫైరింగ్ రేంజిలో సేఫ్టీ తీసే ముందు టార్గెట్ చూసుకున్నట్టు, పంపే ముందు మెసేజి మొత్తం చదవాలి. చంపు, కొట్టు, తగలబెట్టు, తరిమికొట్టు అన్న మాటలుంటే అక్కడితో ఆపేయాలి. రెండు – పనిని విమర్శించాలి, జాతిని కాదు. "ఈ నిర్ణయం తప్పు, ఇందుకు తప్పు" అని రాసినవాడికి చట్టంలో నీడ ఉంది. మూడు – అడ్మిన్ అయితే అలాంటి పోస్టు కనబడగానే తీసేసి, తీసేశానని గ్రూపులో చెప్పాలి. నాలుగు – నోటీసు వస్తే పారిపోవద్దు, కంగారులో ఫోను ఖాళీ చేయవద్దు. సాక్ష్యం మాయం చేయడం వేరే నేరమవుతుంది. లాయరును వెంటబెట్టుకుని వెళ్లండి. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో ఎఫ్.ఐ.ఆర్.కు ముందే డి.ఎస్.పి. అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ జరిపే వీలు కొత్త చట్టంలో ఉంది. ఇలాంటి మాటల కేసుల్లో దాన్ని వాడుకోవాలని జామ్‌నగర్ తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అది అడగమని లాయరుకు చెప్పండి.

గట్టిగా మాట్లాడితేనే పని జరుగుతుందనే కుర్రాళ్లకు ఒక్క ఉదాహరణ. 2015 జూన్ 15 నుంచి ఒన్ ర్యాంక్ ఒన్ పెన్షన్ కోసం మన పెద్దలు జంతర్ మంతర్‌లో రిలే నిరాహార దీక్ష చేశారు. ఆగస్టు 14న పోలీసులు వాళ్లను లేపబోయారు, మెడల్స్ పెట్టుకున్న ముసలివాళ్ల చొక్కాలు పట్టుకున్నారు. దేశమంతా చూసింది. అంతటి అవమానంలోనూ ఎవరూ చేయెత్తలేదు. సెప్టెంబరు 5న ప్రభుత్వం ప్రకటన చేసింది. అడిగినదంతా రాలేదు, అది వేరే చర్చ. వాళ్లు ప్రభుత్వాన్ని అన్న మాటలు మెత్తనివేం కావు. కాని వాటిలో హింసకు పిలుపు లేదు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమన్నారు పెద్దలు. ఈ రోజుల్లో వేలు జారినా అంతే. మాట్లాడండి, అడగండి, ప్రశ్నించండి. మీ పేరు పెట్టి, దర్బారులో సి.ఓ. సాబ్ ముందు నిలబడి చెప్పగలిగే మాటే గ్రూపులోనూ రాయండి.

 జై హింద్.