ఎండను చూసి సంతకం పెట్టొద్దు



సోలార్ ప్లాంటుకు భూమి అడగడానికి వచ్చేవాళ్లు పల్నాడులో సులువుగా చెప్పగల మాట ఒకటుంది: "రెంటచింతల ఎండ మీది, కరెంటుకు కొదవేముంది?" ఆ మాట సగమే నిజం. ప్యానెల్‌కు కావలసింది వెలుగు, వేడి కాదు. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కట్టిన లెక్క. ఆపైన డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగితే 12 నుంచి 16 శాతం అక్కడే పోతుంది.

లెక్క మనమే వేసుకుందాం. ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదిలో 8,760 గంటలూ ఆగకుండా నడిస్తే 87.6 లక్షల యూనిట్లు రావాలి. రాత్రి, మబ్బు, వేడి, దుమ్ము పోగా అందులో చేతికొచ్చే శాతాన్ని సీయూఎఫ్ అంటారు. కదలని ప్యానెళ్లకు మన ప్రాంతంలో 19 శాతం అనుకోవడం సబబు. అంటే సుమారు 16.6 లక్షల యూనిట్లు. అదే 25 శాతమని చూపిస్తే 21.9 లక్షలవుతుంది. తేడా 5 లక్షల పైచిలుకు. యూనిట్ 3 రూపాయలనుకున్నా ఏటా 15 లక్షలు దాటుతుంది. సూర్యుడి వెంట తిరిగే ట్రాకర్లు పెడితే ఉత్పత్తి పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ఏది పెడుతున్నారో కాగితం మీద ఉండాలి.

ఈ తేడా ఎవరి నెత్తిన పడుతుంది? 2019లో మొదలైన పీఎం కుసుమ్ 'ఎ' విభాగం రైతులు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు ప్లాంటు పెట్టుకునే వీలు కల్పించింది. అప్పు తెచ్చి పెట్టినవారికి ఆ 15 లక్షలే బ్యాంకు కిస్తీ. లీజుకిచ్చినవారికి కంపెనీ లెక్క తప్పితే కౌలు డబ్బు ఆగుతుంది, భూమి మాత్రం పాతికేళ్లు ఇరుక్కుపోతుంది.

మెగావాట్‌కు నాలుగైదు ఎకరాలు కావాలి. కర్నూలు సోలార్ పార్కులో 1,000 మెగావాట్లకు 5,900 ఎకరాలకు పైగా పట్టింది. స్థలం చూసేటప్పుడు కొండ నీడ, చెట్టు నీడ ఏ పూట పడుతుందో గమనించాలి. మన దగ్గర ప్యానెల్ దక్షిణానికి సుమారు 16 డిగ్రీలు వాలాలి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది కనుక పునాది ఖర్చు వేరు. నాగులేరు, చంద్రవంక పక్కన వరద ఎంతవరకు వచ్చిందో ఊరి పెద్దలను అడగాలి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు, దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీల దగ్గర దుమ్ము పేరుకుంటుంది. కడగడానికి నీళ్లెక్కడివో ముందే తేలాలి. సబ్‌స్టేషన్ ఐదు కిలోమీటర్ల లోపు ఉంటే మేలు. పగలు లైను ఆగితే ఆ కరెంటు పోయినట్టే.

మేము అడిగేది మూడు. ఒకటి, ఉత్పత్తి అంచనా తెలుగులో రాసివ్వాలి. ఒక్క ఏడాది ఎండ చాలదు. చాలా ఏళ్ల లెక్క తీసి, పదేళ్లలో తొమ్మిదేళ్లు తప్పకుండా అందే అంకె చూపాలి. బ్యాంకులు చూసే పీ90 అదే. రెండు, ప్యానెళ్లు ఏటా అర శాతానికి అటూ ఇటూగా బలహీనపడతాయి కనుక పాతికేళ్ల లెక్క ఏడాదివారీగా ఉండాలి. ఉత్పత్తి తగ్గినా లీజు డబ్బు తగ్గకూడదు. మూడు, ఆ పొలం దున్నుతున్న కౌలు రైతుకు పరిహారం ముందే తేల్చాలి. బీడు ఉండగా మిర్చి, పత్తి పండే నేల జోలికి రాకూడదు.

మేము సోలార్‌కు వ్యతిరేకం కాదు. వరల్డ్ బ్యాంకు గ్లోబల్ సోలార్ అట్లాస్‌లో మన ఊరి ఎండ లెక్క ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతుంది. ఊళ్లో చదువుకున్న పిల్లల చేత తీయించండి. కంపెనీ అంకె పక్కన పెట్టి చూడండి. రెండూ కలవకపోతే కారణం అడగండి. సంతకం ఆ తర్వాతే.