ప్రత్యేకోపాధ్యాయులకు వందనము



1995 నాటి వికలాంగుల చట్టములో ఆటిజము పేరు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టముతో దానికి గుర్తింపు కలిగినది. అంతకు పూర్వమే, 1991లో, ఆటిజము గల కుమారుని తల్లియైన శ్రీమతి మెరీ బారువా ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ సంస్థను స్థాపించిరి.

మాటరాని బిడ్డకు బొమ్మచీటి చూపి నీళ్లడుగుట నేర్పుటకు మాసములు పట్టవచ్చును. ఆ విజయము పరీక్షాఫలితములలో కానరాదు; కన్నతల్లికి కానవచ్చును.

అట్టి గురువులకు శాలువా కప్పుట ఉచితమే. ఐతే ప్రాథమికదశలో ఇట్టి పిల్లలు పదిమందికొక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెనని 2022లో కేంద్రప్రభుత్వము ప్రకటించినది. ఉత్తరువునకును అమలునకును గల దూరము ఉద్యోగులమైన మనకు తెలియనిది కాదు. ఆ దూరమును తగ్గించుటయే వారికి నిజమైన సన్మానము.