దినదినపు చిట్టా, నెలనెలా నిల్వ
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



యముని కొలువున చిత్రగుప్తుడను లేఖకుడు కలడనియు, మానవుల పుణ్యపాపముల నన్నిటిని ఆతడు తన చిట్టాలో వ్రాసి యుంచుననియు పెద్దలు చెప్పుదురు. ఆ చిట్టాలో పొరపాటుండదు. కాని అందులో నొక చిక్కున్నది. దానిని చదివి వినిపించు సమయమునకు, దిద్దుకొనుటకు మనుజునికి వ్యవధి యుండదు. అందుచేత బ్రదికి యున్నప్పుడే, ప్రతి దినమును సాయంకాలమున, తన చిట్టాను తానే వ్రాసికొని తానే సరిచూచుకొనువాడు బుద్ధిమంతుడు. ఆ పని నొక క్రమపద్ధతిని చేసి, తన తప్పులను సైతము దాచక లోకమునకు చెప్పిన యొక మహాపురుషుని వృత్తాంతము ఈ దినమున స్మరింపదగి యున్నది. ఆతడు గ్రంథాలయ స్థాపకుడు కూడ నగుటచే ఈ సభకు దగ్గరి చుట్టము.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1706లో అమెరికాలోని బోస్టను నగరమున, క్రొవ్వొత్తులును సబ్బులును చేసి జీవించు నొక సామాన్యుని యింట జన్మించెను. పదవ యేటనే ఆతని బడి చదువు ముగిసెను. పిమ్మట అన్నగారి అచ్చుకూటమున పనికి కుదిరి, దొరికిన పుస్తకము నెల్ల రాత్రివేళల చదివి, గురువు లేకయే విద్యావంతు డయ్యెను. 1731లో ఫిలడెల్ఫియా నగరమున మిత్రులతో గూడి చందాదారుల గ్రంథాలయమును స్థాపించెను. ఏబదిమంది చందాదారులు మొదట 40 షిల్లింగులును, అటుపై ఏటేట 10 షిల్లింగులును ఇచ్చుటకు ఒడంబడిరి. ఆ గ్రంథాలయము నేటికిని నిలిచి యున్నది. దినమునకు ఒకటి రెండు గంటలు అక్కడ చదువుకొని, బాల్యమున తనకు తప్పిపోయిన చదువును కొంతవరకు పూడ్చుకొన్నట్లు ఆతడు తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను.

ఇంచుమించు ఆ దినములలోనే ఆతనికి, ఏ తప్పును చేయక జీవింపవలె నను కోరిక కలిగెను. కోరినంత మాత్రమున కార్యము కాలేదు. ఒక దోషమును కాచుకొను చుండగా మరియొకటి వెనుకనుండి వచ్చి పట్టుకొను చుండెను. అప్పుడాతడు మితాహారపానము, మితభాషణము, క్రమము, దృఢనిశ్చయము, మితవ్యయము, శ్రమ, నిష్కాపట్యము, న్యాయము, మితత్వము, శుచి, ప్రశాంతి, ఇంద్రియనిగ్రహము, వినయము అను 13 గుణములను ఏర్పరచుకొనెను. మొదట వ్రాసినవి 12 మాత్రమే. నీకు గర్వము మెండని యొక మిత్రుడు ఉదాహరణములతో చెప్పగా పదుమూడవదిగా వినయమును చేర్చెను.

పిదప చిన్న పుస్తక మొకటి కుట్టి, ఎఱ్ఱ సిరాతో గళ్లు గీసెను. వారమునకు 7 నిలువు గళ్లు, గుణములకు 13 అడ్డ వరుసలు. రాత్రి పరుండుటకు ముందు దినమంతయు తలచుకొని, ఏ గుణమున తప్పినచో ఆ గడిలో నొక నల్లని చుక్క పెట్టును. వారమున కొక గుణమును ముఖ్యముగా పట్టి, ఆ వరుస శుభ్రముగా నుండునట్లు పాటుపడును. 13 వారములకు ఒక ఆవృత్తి, ఏడాదికి నాలుగు ఆవృత్తులు. తోటలో కలుపు తీయువాడు ఒకేసారి తోట యంతటిపై పడక, ఒక మడి ముగించి మరియొక మడికి పోవునట్లు తన పద్ధతి యున్నదని ఆతడే పోల్చి చెప్పెను. ఈ పోలిక వరిచేలలో పుట్టి పెరిగిన వారికి వివరింప నక్కఱలేదు.

తాననుకొన్న దానికంటె తనలో తప్పులు మిక్కిలి యెక్కువగా నున్నట్లు ఆతడు కనుగొనెను. పాత చుక్కలను గీకి మరల క్రొత్తవి పెట్టుటచే కాగితమునకు చిల్లులు పడెను. అంతట దంతపు రేకుల పుస్తకముపై చెరగని గీతలు గీసి, సీసపు కలముతో చుక్కలు పెట్టి, తడిగుడ్డ వంటి దానితో తుడిచి వేయసాగెను. మన బిడ్డల పలక వంటిదే అది.

అన్నిటికంటె క్రమము ఆతనిని మిక్కిలి బాధించెను. ఏ వస్తువు నెక్కడ పెట్టవలెనో, ఏ పని నెప్పుడు చేయవలెనో తుదివరకు ఆతనికి పట్టుపడలేదు. దీనికాతడు చెప్పిన కథ సరసమైనది. ఒకడు గొడ్డలి కొని, అంచు వలెనే రేకు అంతయు తళతళలాడవలె నని కమ్మరిని కోరెను. ఆకురాతి చక్రమును నీవు త్రిప్పుచో నేను పదును పెట్టెద ననె కమ్మరి. త్రిప్పి త్రిప్పి అలసిన యా మనుజుడు, ఇంకను మచ్చలున్నవని కమ్మరి చెప్పినను వినక, మచ్చల గొడ్డలియే తనకు నచ్చిన దనెను. ఉగాదినాడు చుట్ట మానుదు నని ఒట్టు పెట్టుకొని, నెల తిరుగకముందే చుట్ట కాల్చుటయే మేలనుకొనువాడు ఈ గొడ్డలివాని తమ్ముడే గదా! అయినను ఫ్రాంక్లిన్ చక్రమును విడువలేదు. సంపూర్ణుడు కాకపోయినను, ప్రయత్నింపని నాటికంటె మంచివాడ నైతినని డెబ్బదియెనిమిదేండ్లు నిండిన పిమ్మట వ్రాసెను.

ఇచ్చట మరియొక విషయము చెప్పక తీరదు. ఇంత నిష్ఠతో చుక్కలు పెట్టుకొన్న ఆ మహనీయుని యింట బానిసలుండిరి. ఆతని పత్రికలో బానిసల విక్రయ ప్రకటనలు అచ్చయ్యెను. న్యాయమను వరుస యుండియు, ఆ గడిలో ఈ తప్పునకు చాలకాలము చోటు దొరకలేదు. గీత గీయని చోట చుక్క పడదు. కాని ఆతడు కడవరకు గ్రుడ్డివాడుగా నుండలేదు. 1787లో బానిసత్వ నిర్మూలన సంఘమునకు అధ్యక్షు డయ్యెను. 1790 ఫిబ్రవరిలో, మరణమునకు రెండు మాసముల ముందు, బానిసత్వమును మాన్పవలె నని శాసనసభకు మహజరు పంపెను. కనుక పుస్తకము వ్రాయువాడు చుక్కలను మాత్రమే చూచుకొనిన చాలదు. వ్రాయని వరుస యేది యని కూడ అప్పుడప్పుడు ప్రశ్నించుకొనవలెను.

మన గ్రామమున నీ పద్ధతి నవలంబించుట కష్టము కాదు. దంతపు రేకులు అక్కఱలేదు, బడిపిల్లల నోటుపుస్తకము చాలును. నెలకు 31 గళ్లు గీసి, 13 వరుసలకు మారు నాలుగే పెట్టుకొనవచ్చును. చుట్ట ముట్టకుండుట యొకటి, పుస్తకము చదువుట యొకటి, బాకీకై కొంత పైకము తీసి యుంచుట యొకటి. నాలుగవది ఎవరికి వారు దాచిపెట్టు వరుస కావలెను. కూలివానికి కూలి ఆనాడే ముట్టినదా? ఇంటి ఇల్లాలు అందరికంటె ముందు లేచి, అందరికంటె వెనుక పరుండినదా? దీనిని వ్రాయుటకు కలము జంకును. జంకిన చోటనే వ్రాయవలెను.

ఇక నెలవారీ సంకల్పము. దినమునకు 10 పుటలు చదువువాడు 30 దినములలో 300 పుటల గ్రంథమును ముగించును. పెద్ద గ్రంథమని భయపడువాడు ఈ లెక్క చూచుకొనవలెను. మాసము నడుమ నొకమారు పుస్తకము విప్పినచో, ఎన్ని గళ్లు లోటున్నవో తెలియును, పూడ్చుకొనుటకు పక్షము దినములు మిగిలియుండును. మాసాంతమున మాత్రమే చూచువానికి విచారము తప్ప మిగులున దేమియు లేదు. ఒక సంకల్పము నెరవేరనిచో దానిని కొట్టివేయక, బాకీగా మరునెల కెత్తి వ్రాయవలెను.

జ్ఞాపకముండగా కాగిత మేల యని యడుగువారు కలరు. జ్ఞాపకము యజమానుని పక్షమున సాక్ష్యము చెప్పును, వ్రాత చెప్పదు. మహాత్మాగాంధి లండనులో విద్యార్థిగా నున్న కాలమున బండిచార్జీలు, తపాలా ఖర్చులతో సహా ప్రతి కాసును వ్రాసి, రాత్రి పరుండుటకు ముందు నిల్వ తేల్చెడివాడు. ఆ అలవాటే తరువాత లక్షలకొలది ప్రజాధనమును జాగ్రత్తగా వ్యయపరచుటకు తోడ్పడినదని తన ఆత్మకథలో తెలిపెను. చిన్న పద్దును దాచనివాని చేతిలోనే పెద్ద పద్దు పదిలముగా నుండును.

ఒక హెచ్చరిక మాత్రము వలయును. ఈ పుస్తకము ఇతరులకు చూపుటకు కాదు. చూపవలె నను తలంపు కలిగిననాడు చుక్కలు తగ్గును గాని తప్పులు తగ్గవు. మచ్చ లేని దొంగ చిట్టాకంటె, చుక్కలతో నిండిన నిజమైన చిట్టా మేలు.

గ్రంథాలయమున చదువరులు పుస్తకములు తీసికొనిపోవు రిజిస్టరు కూడ ఇట్టి దినచర్యయే. ఏ దినమున ఎవరు ఏ పుస్తకము కోరిరో, ఎన్ని దినములు ఎవరును రాలేదో అది దాచక చెప్పును. ఇరువదియైదేండ్ల పుటలు నిండినవి. ఖాళీగళ్లను చూచి సిగ్గుపడవలసినచో సిగ్గుపడి, రేపటి పుటలో నొక్కొక్కరు తమ పేరు వ్రాయించుకొందురు గాక. ఇంటికి పోవునప్పుడు ఒక గ్రంథమును చేతబట్టి, రాత్రి దీపము తగ్గించుటకు ముందు తమ చిన్న పుస్తకమున మొదటి గీత గీయుదురు గాక.

స్వస్తి.