మత్తును తరుముదాం, మనిషిని కాదు



1992లో దూబగుంట నుంచి లేచిన అక్కలు సారా కొట్టు మీదికి పోయారు. వాళ్ల దారినే నడిచే మేము మత్తును ఎట్లా మెచ్చుకుంటాం? ఇవాళ మాట్లాడేది చావు గురించి.

హెరాయిన్ మోతాదు మించితే మనిషి గురక పెట్టి నిద్రపోయినట్టే కనపడతాడు. ఊపిరి సన్నగిల్లుద్ది, పెదాలు నీలంగా మారతాయి. అప్పుడు నలోక్సోన్ మందును సూదిగానో ముక్కులో పిచికారీగానో ఇస్తే ఊపిరి తిరిగొస్తుంది. అయితే దాని పని గంట అటూఇటూ ఉండి తగ్గిపోద్ది, మత్తు మళ్లీ కమ్మొచ్చు. ఆసుపత్రికి మోసుకుపోవాల్సిందే.

మందుండగా చావెందుకు? పక్కనున్నోడు పోలీసుకు భయపడి పారిపోతాడు గనుక.

కెనడాలోని వాంకూవర్‌లో 1998లో మత్తు వాడేవాళ్లే సంఘం కట్టారు. పెద్దమనుషులు కాదు, ఊరు ఛీకొట్టినోళ్లు! 2003లో అక్కడ ఇన్‌సైట్ అనే కేంద్రం తెరిచారు. వాడేవాళ్లు తెచ్చుకున్నది నర్సుల కళ్లముందే వాడతారు, ఊపిరాగితే నర్సులు కాపాడతారు. సర్కారు మూయబోతే 2011లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా అడ్డుకున్నారు. అప్పటిదాకా ఆ కేంద్రంలో మోతాదు మించి ఒక్కరూ చావలేదు. బయట వీధిలో మాత్రం ఫెంటనిల్ కలిసిన సరుకొచ్చి వేలమందిని మింగింది. ఒక్క గది ఎందరికి సరిపోద్ది?

వాడేవాళ్ల ఇంటోళ్లకూ స్నేహితులకూ నలోక్సోన్ అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. మన జిల్లా ఆసుపత్రిలో అదుందో లేదో ఈ వారమే పోయి అడుగుదాం. 108కి ఫోన్ చేసినోడి మీద కేసు పెట్టమని కలెక్టరుతో రాయించుకుందాం. అర్జీ మేము రాసి తెచ్చాం, సంతకాలు మీవి.