టర్న్ అప్

ఆంగ్లము నేర్చువారికి పెద్ద మాటలకంటె చిన్న మాటలే ఎక్కువ చిక్కు కలిగించును. ‘టర్న్’ అనగా తిరుగు, ‘అప్’ అనగా పైకి, బాలురకును తెలిసినవే. రెండును జతకూడినపుడు మాత్రము ‘పైకి తిరుగు’ అను అర్థము పెక్కు తావుల పొసగదు. ఇట్టి జంటలు పరదేశీయులకు మిక్కిలి కష్టమని డాక్టర్ జాన్సను 1755లో తన నిఘంటువు పీఠికయందే ఒప్పుకొనెను. మన ‘బయటపడు’ మాత్రము సులభమా? రహస్యము బయటపడును, ఆపదనుండి మనిషియు బయటపడును. రెండింటను పడుట లేదు!

శ్రోతలారా, మీ రేడియోలో ధ్వని పెంచుట ‘టర్న్ అప్’, తగ్గించుట ‘టర్న్ డౌన్’. ఇంతవరకే ఇవి పరస్పర విరుద్ధములు. దరఖాస్తును ‘టర్న్ డౌన్’ చేసిరనగా త్రోసిపుచ్చిరని అర్థము. ఆమోదించుటకు ‘టర్న్ అప్’ అనరాదు. పోయిన తాళపుచెవి ‘టర్న్ అప్’ అయిన, అనుకొనకుండ దొరకినదని భావము. 1850లో ముగిసిన డికెన్సు నవల ‘డేవిడ్ కాపర్‌ఫీల్డు’లో మికాబరు అప్పులలో మునిగియు, ఏదో ఒకటి ‘టర్న్ అప్’ కాకపోవునా యని ఎదురుచూచుచునే యుండును.

మనిషి విషయమున, వచ్చుట అని అర్థము. ‘ఆయన సభకు టర్నప్ కాలేదు’ అని మనవారును అనుచుందురు; తప్పులేదు. కాని ఈ మాటలో ‘వచ్చునో, రాడో’ అను సందేహమో, అనుకొనకుండ వచ్చుటయో తరచుగా ధ్వనించును. కావున పెండ్లిపిలుపును ఆంగ్లమున వ్రాయుచు, సకుటుంబముగా ‘టర్న్ అప్’ కండని పెద్దలను కోరినచో, ‘వచ్చిన రండు, రాకున్న మానుడు’ అన్నట్లుండును. అచట ‘అటెండ్’ అనుట మర్యాద. ఉద్యోగపు ఇంటర్వ్యూకు జ్వరముచేత పోలేని యువకుడు, తాను ‘టర్న్ అప్’ కాలేదని వ్రాసికొన్నచో, నిర్లక్ష్యమును తానే ఒప్పుకొన్నట్లు తోచును. ‘అటెండ్’ కాలేకపోతినని వ్రాసిన చాలును.

వ్యాకరణమున ఒక్క మాట. ‘టర్న్ అప్ ది రేడియో’, ‘టర్న్ ది రేడియో అప్’ రెండును సాధువులే. సర్వనామమైనచో నడుమనే నిలువవలెను: ‘టర్న్ ఇట్ అప్’. ‘టర్న్ అప్ ఇట్’ అని మన విద్యార్థులు వ్రాయుట కలదు, అది చెల్లదు. వచ్చుట అను అర్థమున ఈ క్రియ అకర్మకము గనుక ఆ చిక్కే లేదు.

ఏవగింపు కలిగినపుడు మనము ముక్కు విరుతుము. ఆంగ్లేయుడు ముక్కును ‘టర్న్ అప్’ చేయును. ఇంగ్లండులో పంట్లాము కాలి అంచున పైకి మడిచిన పట్టీకిని ‘టర్నప్’ అనియే పేరు. అక్కడ మాత్రము రెండు మాటలును తమ సొంత అర్థమునే నిలుపుకొన్నవి.